గుడి గడియారంలో పదిన్నర

తెనాలిలో మా గుడి ఆదివారం బడికి ఒక పద్ధతి ఉంది. హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండి" అంటే చెల్లదు. ఒక బైబిలు వాక్యం కంఠతా చెప్పాలి. వాక్యం రానివాళ్లు చెప్పేదాకా నిలబడాలి. చిన్నప్పుడు నేనూ నిలబడ్డాను, టీచరునయ్యాక ఎందరినో నిలబెట్టాను కాబట్టి ఆ పద్ధతి నా ఒంట్లో ఇంకిపోయింది. ఒళ్లంటే మామూలు ఒళ్లు కాదు. నేను ఎక్కితే రిక్షా అతను కూడా ప్రార్థన చేసుకునేవాడు.

ఇదిగో, ఇలాంటి జోకులతోనే వచ్చింది చిక్కు.

నెట్ సెంటర్లు కళకళలాడే రోజులవి. మా యూత్ వాళ్లు ఇంటర్నెట్‌లో సంఘానికి ఒక పేజీ తెరిచి, బాపట్ల సముద్రానికి పిక్నిక్ వెళ్లిన ఫోటోలు పెట్టారు. ఒకదాంట్లో నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడి ఉన్నాను. ఎవరో అనేలోగా నేనే అనేద్దామని కింద రాశాను: "నేను బాపట్లలో దిగితే రేపల్లెలో పడవలు పైకి లేచాయట." పొన్నూరు, కొలకలూరు సంఘాల వాళ్లు కూడా చూసి నవ్వారు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

వారం తిరిగేసరికి ఆ నవ్వు పక్క ఫోటోకు పాకింది. అందులో మా క్వయర్‌లో పాడే రేపల్లె అమ్మాయి ఉంది. తెనాలిలో కాలేజీ చదువు, రోజూ రైల్లో రాకపోకలు. అమ్మమ్మగారి ఊరని ఆదివారాలు కూడా మా గుడికే వచ్చేది. సన్నగా ఉంటుంది, గుడిలో మగవాళ్లందరికంటే పొడుగు. మా తబలా అతను, పాలిటెక్నిక్ చదివేవాడు, ఆ ఫోటో కింద రాశాడు: "సరుగుడు తోటలోంచి ఒక చెట్టు నడుచుకుంటూ వచ్చేసింది." దాని కింద ఇంకా ఇరవై జోకులు.

ఆ ఆదివారం ఆమె రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. క్రిస్మస్ దగ్గరపడుతోంది. మొదటి పాట ఎత్తుకోవలసింది ఆమే. ఆ గొంతు ఇంకెవరికీ లేదు.

రేపల్లె రైలెక్కాను. వాళ్లమ్మ తలుపు తీసింది.

"వందనాలండి టీచరుగారూ. ఏంటో అండి, ఇది వంగి వంగి నడుస్తుంది. గుడి పేరెత్తితే గదిలోకి పోతుంది."

గదిలోకి వెళ్లి మంచం మీద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. "ఏంటమ్మా, జోకులకే అలిగితే ఎలా? నా మీద నేనే వేసుకోలేదూ?"

"మీరు వేసుకున్నారు కాబట్టే కదా ఆంటీ, అందరికీ ధైర్యం వచ్చింది! మీ వంతు మీరే తీసుకున్నారు. నన్నెవరు అడిగారు?"

ఏ అవయవమూ ఇంకొక దాన్ని అక్కర్లేదని అనకూడదన్న బైబిలు మాటను పిల్లలకు ఏళ్ల తరబడి బోధించినదాన్ని. దేవుడు చేసిన నా ఒంటిని నేనే ఎగతాళి చేస్తూ, అది వినయమనుకున్నాను.

తిరుగు రైల్లో ఆదివారం బడి గుర్తొచ్చింది. మరునాడు నెట్ సెంటర్లో కూర్చుని నా జోకు తీసేసి, ఒంటివేలితో టైపు చేశాను: "ఈ ఒడిలో బడి పిల్లలు ముగ్గురు ఒకేసారి నిద్రపోయారు. సన్నటి టీచర్ల ఒడిలో ఒక్కరికే చోటు. దేవునికి స్తోత్రం." దాని కింద: "హాజరు పిలుస్తున్నాను. ఎవరి ఒంటి మీద జోకు వేశారో, ఆ ఒంటి వల్ల జరిగిన మేలొకటి రాయండి. రాసేదాకా నిలబడి ఉన్నట్టే."

తబలా అతను వెంటనే బైబిలంతటిలోకీ పొట్టి వాక్యం రాశాడు. బద్ధకస్తులందరూ అప్పజెప్పేది అదే.

"చెల్లదు. నిలబడు నాయనా," అని కింద రాశాను.

"కాళ్లు లాగుతున్నాయాంటీ."

"లాగనీ."

రెండు రోజులు లాగాయి. అప్పుడు రాశాడు: "గుడి గడియారంలో సెల్ అయిపోతే, స్టూలు లేకుండా చెయ్యెత్తి మార్చేది ఈ అక్క ఒక్కతే. అక్క రావడం మానేసిన దగ్గర్నుంచి గుడిలో పదిన్నరే. పాస్టరు అయ్యగారు దాన్ని చూసి ఇంకా బోలెడు టైముందని ప్రసంగం ఆపట్లేదు. తప్పయింది అక్కా. వచ్చి మమ్మల్ని రక్షించు."

నిజమే సుమా! గడియారం ఆగిన సంగతి మాకెవరికీ పట్టలేదు, ఆకలి మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇక హాజరు ఆగలేదు. కొలకలూరు నుంచి ఒకాయన వాళ్లమ్మ నల్లటి చేతులు నాటు వేసిన చేల గురించి రాశాడు. పొన్నూరు ఆవిడ, ప్రార్థన కూటాల జనంలో తప్పిపోతే తమ ఇంటాయన బట్టతలే తనకు దారి చూపుతుందని రాసింది. అన్నిటి కింద, చివరికి, రేపల్లె నుంచి ఒక్క ముక్క: "సెల్ కొని ఉంచండి. వస్తాను."

ఆదివారం రైలు ఆలస్యమైనట్టుంది, ప్రసంగం మధ్యలో వచ్చింది. నా చేతిలోంచి సెల్ తీసుకుని, వెనక గోడ దాకా నిటారుగా నడిచి, చెయ్యెత్తి గడియారం దించింది. సెల్ వేసి, ముళ్లు పన్నెండుంబావుకు తిప్పి, మళ్లీ తగిలించింది. అయ్యగారు మాట మధ్యలో ఆగి, కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ప్రార్థన చేసుకుందాం."

ఆ గుడిలో అంత గట్టి ఆమేన్ నేనెన్నడూ వినలేదు.

ఆమె వచ్చి క్వయర్‌లో తన చోట నిలబడింది. నేను హార్మోనియం ముందు కూర్చోగానే బల్ల కిర్రుమంది. జోకు నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె తల తిప్పి నావంక చూసింది. మింగేశాను.

"ఎత్తుకోమ్మా," అన్నాను.

ఎత్తుకుంది.