నీలం క్రేట్ల వెంట ఖాళీల బాబాయి

ఏ ఇంటికి వెళ్లినా ఖాళీల బాబాయి కళ్లు ముందు నేలమీదికే పోతాయి. పలకరింపు నోటితో చేస్తాడు, వెతుకులాట కళ్లతో కానిస్తాడు. మంచం కింద, గుమ్మం వెనక, మెట్ల చాటున ఎక్కడైనా నీలం రంగు తగిలిందా, ఇక ఎదుటి మనిషి చెప్పేది చెవికెక్కదు.

ఐదు నెలల కిందటి వరకు అతను పంపుల ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలకు బరువులెత్తేవాడు. నడుం పట్టేసి, చెప్పు జారినా వంగి తొడుక్కోలేని స్థితికి వచ్చాక తేలిక పని ఒకటి అప్పగించారు. ఇళ్లకు వెళ్లిన ఖాళీ క్రేట్లను తిరిగి రాబట్టడం. తేలిక అన్నవాడెవడో గానీ, ఆ పనేమిటో తెలియనివాడై ఉండాలి.

పంపుల్లో వేసే రబ్బరు వాషర్ల అంచులు కత్తిరించే పని చుట్టుపక్కల సందుల్లోని ఆడవాళ్లు ఇళ్లలోనే చేస్తారు. మునుపు ఆ సరుకు అట్టపెట్టెల్లో వెళ్లేది. ఒక్కసారి వాడి పారేసిన అట్టలు ఫ్యాక్టరీ వెనక గోడెత్తు పేరుకుని, వాన పడితే కుళ్లి ముక్కులు బద్దలయ్యేలా కంపు కొట్టేవి. అందుకే మేనేజరు ఆరువందల నీలం ప్లాస్టిక్ క్రేట్లు తెప్పించాడు. నిండుగా వెళ్లాలి, ఖాళీ అయ్యాక రావాలి, మళ్లీ వెళ్లాలి. వెళ్లడం బ్రహ్మాండంగా వెళ్లాయి. కత్తిరించిన వాషర్లు మాత్రం గోనెసంచుల్లో తిరిగొచ్చాయి. అంత గట్టి క్రేటును ఏ ఇల్లాలు వదులుకుంటుంది?

శనివారం మధ్యాహ్నానికి ఐదువందల యాభై కనిపించకపోతే మళ్లీ అట్టపెట్టెలేనని మేనేజరు తేల్చేశాడు. అట్టపెట్టెలొస్తే ఖాళీలతో పనేముంది? బాబాయి మళ్లీ గేటు దగ్గరికే, ఆ నడుంతోనే. బుధవారానికి లెక్క నాలుగువందల ఇరవై దగ్గర ఆగిపోయింది.

అడిగి చూశాడు. "మాది కాదు బాబాయ్, పక్కింటివాళ్లది" అన్నారు. పక్కింటివాళ్లూ అదే మాట అన్నారు. ఒక ఇంట్లో చెప్పులు, ఇంకో ఇంట్లో పిల్లల పుస్తకాలు, మరో ఇంట్లో నాలుగు కూనలతో పిల్లి కాపురం. వాషర్ల పని ఆపించేస్తానని బెదిరించి చూశాడు. దాంతో అప్పటిదాకా కనిపించినవి కూడా దుప్పట్ల చాటుకు పోయాయి.

గురువారం అత్తగారు భోజనానికి పిలిచారు. వెళ్లి చూస్తే ఆవిడ కిటికీ దగ్గర బోర్లించిన నీలం క్రేటు మీద నిలబడి వీధిలోకి తొంగి చూస్తున్నారు. ఆవిడ పొట్టి, కిటికీ ఎత్తు, వీధిలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఆవిడకు ముద్ద దిగదు.

"అత్తయ్యా, కాస్త దిగండి."

"ఉండండి బాబూ, ఎదురింట్లోకి కొత్తవాళ్లు సామాను దింపుతున్నారు."

"మీరు నిలబడింది నా ఉద్యోగం మీద."

ఆవిడ ఓసారి కాళ్ల కిందికి చూసుకున్నారు. "అయితే బదులు ఇంకోటి తెచ్చి, దీన్ని పట్టుకుపొండి. పాతదైనా ఫర్వాలేదు."

ఆ ఆరువందలు కాక ఫ్యాక్టరీ లోపల ఏళ్లుగా వాడిన పాతవి ఉన్నా, అవన్నీ పగిలినవేననీ, కరిగించడానికి ఫ్యాక్టరీ వెనక పోశారనీ అతను చెప్పాడు. పగిలితే ఏమవుతుందని ఆవిడ అడిగితే, వాషర్లు జారిపోతాయన్నాడు.

"నేనేం వాషర్నా, జారిపోవడానికి?"

మీ బరువుకు విరుగుతుందని అనలేక అల్లుడు ఆవిడ కాళ్ల కింది క్రేటు వంక చూశాడు. ఆవిడకు అర్థమైపోయింది. "రెండు తెండి. ఒకదాని మీద ఒకటి తొడుగుతా. రెండూ ఒకేచోట పగిలి ఉండవుగా."

వడ్డించిన కంచం అలాగే ఉంది. అతను వీధి మలుపు దాటేశాడు.

ఫ్యాక్టరీలో సామాను లెక్కలు చూసే స్టోర్సు మేడం ఒక పట్టాన ఒప్పుకోలేదు. పగిలినవాటికీ లెక్కుంది, కరిగించేవాళ్లకు అప్పజెప్పాలి, ఇళ్లకిచ్చేస్తే ఎవరు తెస్తారని నిలదీసింది. "పూర్తిగా విరిగాక అవీ నేనే తెస్తాను" అని నోరు జారాడు. మంచి క్రేట్లలో కలవకుండా వాటికి ఎర్రరంగు చార గీసి ఇచ్చిందామె.

శుక్రవారం తోపుడు బండి నిండా పగిలిన క్రేట్లతో సందులోకి దిగితే మొదట ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అత్తగారే ముందుకొచ్చి, నలుగురి ముందూ ఒకదానికొకటి తొడిగిన రెండు క్రేట్లెక్కి నిలబడి, ఒక గెంతు కూడా గెంతారు. అవి విరగలేదు. అప్పుడు మంచాల కింది నుంచి నీలం బయటికొచ్చింది. ఒకామె నాలుగిచ్చి ఆరడిగింది. పిల్లి ఉన్న ఇంటామె, "నాదేం లేదు బాబాయ్, దాన్ని అడుగు" అంది. ఆ ఒక్కటీ అతను వదిలేశాడు.

శనివారం మధ్యాహ్నం లెక్క ఐదువందల అరవై ఒకటి. మేనేజరు తలూపాడు. అట్టపెట్టెల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక కూడా అతను గుమ్మానికీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. సోమవారం నీలంవి మళ్లీ బయల్దేరతాయి. వాటికితోడు ఎర్రచారలవి నూట యాభైకి పైగా ఇళ్లలో ఉన్నాయి. అన్నిటికీ తనే పూచీ.

"ఏవండీ, మిమ్మల్ని చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి. కాసేపు కూర్చోండి" అంది భార్య.

కూర్చున్నాడు. అడుగున ఏదో కిర్రుమంది. చూస్తే ఎర్రచార. ఉదయమే పుట్టింటినుంచి తెచ్చుకుందట. పగులు ఎంత సాగిందో చూద్దామని వంగాడు, నడుం కలుక్కుమంది.