వెబ్‌స్టర్ టీచరమ్మ ఇంటిపేరు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని కొత్తవాడలో మా గల్లీ అంతా నమ్మేది. నేనూ నమ్మేదాన్ని. ఆ నమ్మకం లేకపోతే నాకు మొదటి ఉద్యోగమే దొరికేది కాదు కాబట్టి, ఇప్పటికీ దాన్ని తిట్టుకోను. ఉద్యోగం మడికొండలో, ఒక చిన్న ఆఫీసులో. ఇంగ్లీషువాళ్లు తమ ఇంటిపేరు పంపిస్తే, అది ఎలా పుట్టిందో ఒక పేజీలో రాసి పంపాలి. వాళ్లు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంటారు. (మేం ముస్లింలం, మా ఇంట్లో ఎవరికీ ఇంటిపేరంటూ లేదు. అలాంటి నేను ఇంగ్లండువాళ్ల ఇంటిపేర్లు తేల్చడానికి రోజూ బస్సెక్కి పోయేదాన్ని.) మా టీమ్ లీడర్‌ను మేం చాటుగా కిరీటం సార్ అనేవాళ్లం. "ఏ ఇంటిపేరైనా సరే మేడమ్, మూడో లైనుకల్లా ఒక రాజు రావాలె. గోడకు పెట్టుకునేటోళ్లు ఖుష్ కావాలె గదా" అనేవాడు. అందుకని మా దగ్గర బేకర్ అనేవాడు రాజుగారి రొట్టెలు మాత్రమే కాల్చేవాడు. స్మిత్ అనే కమ్మరి రాజుగారి కత్తి తప్ప కొడవలి ముట్టుకునేవాడు కాదు.

ఒకరోజు వెబ్‌స్టర్ అనే ఇంటిపేరు నా వంతుకొచ్చింది. వెతికితే సంగతి తొందరగానే దొరికింది. పాత ఇంగ్లీషులో నేసే మగవాణ్ణి ఒక మాటతో, నేసే ఆడమనిషిని ఇంకో మాటతో పిలిచేవారట. ఆ ఆడమనిషి మాటే వెబ్‌స్టర్ అయింది. పోనుపోను తేడా చెరిగిపోయి మగవాళ్లకూ అదే పేరు, నేత మానేసిన వాళ్ల పిల్లలకూ అదే పేరు. సాలెగూటిని వాళ్లు వెబ్ అనేదీ ఆ నేతమాటతోనే, మనం నేసే సాలెవాళ్ల పేరుతో సాలెపురుగు అన్నట్టు. చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే మా అమ్మీ జంపఖానాలు నేస్తుంది, ఆఫీసులో మాత్రం నేను "మాది టెక్స్‌టైల్ బిజినెస్" అని చెప్పి ఉన్నాను. పక్క సీటువాళ్లు నా మొహంలో మగ్గాన్ని చూసేస్తారేమో అన్నంత భయంతో ఆ వివరాలన్నీ మూసేసి, వెబ్ అనే కోటను కాపాడిన ఒక వీరుణ్ణి పుట్టించాను. మంచి గుర్రం కూడా ఇచ్చాను. కిరీటం సార్ చదివి, "జబర్దస్త్ వచ్చింది మేడమ్" అన్నాడు.

పది రోజులకు ఆ ఇంటిపేరు గల ఆవిడ వీడియో కాల్‌లో మాట్లాడాలంది. ఇంగ్లండు ఉత్తరాన ఏదో ఊళ్లో రిటైరైన టీచరమ్మ. సార్ మొహం పాలిపోయింది. "నువ్వు రాసినవ్, నువ్వే మాట్లాడు. ఆమె కంప్లెయింట్ పెట్టిందనుకో, రేపటిసంది మనిద్దరం ఇంట్లనే" అన్నాడు. (మేడమ్ నుంచి నువ్వుకు దిగడం గమనించాను.) టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని, నెమ్మదిగా తన ఇంగ్లీషులో అడిగింది.

"మా నాయనమ్మ మిల్లులో మగ్గాల మోతకు చెవులు పోగొట్టుకుంది. మేం నేతవాళ్లమని మా నాన్న చెప్పేవాడు. మరి ఈ గుర్రం ఎవరిదమ్మా?"

చెప్పడానికి మూడు సాకులు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "గుర్రం నాదేనండి, నేనే పుట్టించాను" అన్నాను. "మా అమ్మ కూడా నేస్తుంది. ఇక్కడెవరికీ చెప్పలేదు." నా వెనక సార్ కుర్చీ కిర్రుమంది.  టీచరమ్మ, "మీ అమ్మ పనిచేస్తుంటే నేను చూడొచ్చా?" అంది.

ఆదివారం నాడు ఫోను నూలు కట్టకు ఆనించి పెట్టాను. అమ్మీ మగ్గం ముందు కూర్చుని ఫోన్లోకి తొంగిచూసి, "ఈమె గూడ మన లెక్క నేసేటోళ్ల బిడ్డనా? అంత దూరం కూసుందేంది, జర దగ్గరికి రమ్మను" అంది. పడుగు చూపించింది, పేక చూపించింది, ఇనుప దువ్వెనలాంటి పంజాతో పోగుల్ని దబదబా కొట్టి చూపించింది. టీచరమ్మ ఆ చప్పుడు వింటూ కళ్లు తుడుచుకుంది. గుర్రం సంగతి నేను తెలుగులో చెప్పాక అమ్మీ, "మంది ఒంటికి బట్టలిచ్చినోళ్లు. గుర్రమెందుకు వాళ్లకు?" అని, తల తిప్పకుండానే, "నాకు గూడ ఏదన్న పుట్టించినవా బిడ్డా, ఆఫీసుల?" అని అడిగింది. టెక్స్‌టైల్ బిజినెస్ గురించి చెప్పేశాను. కోపమొస్తుందనుకున్నాను. అమ్మీ ఎంత నవ్విందంటే చేతిలో పోగు జారిపోయింది. "బిజినెసే గద, ఇందుల ఫికర్ ఏముంది. ఆ పోగందుకో."

మర్నాడు పేజీ మళ్లీ రాశాను. పడుగు, పేక, మోత, పోయిన చెవులు, ఆ పేరు మొదట ఆడవాళ్లదన్న సంగతి, అన్నీ రాశాను. "రాజేడి?" అన్నాడు సార్. "లేడు సార్" అన్నాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "పోనీ, పంపు మేడమ్" అన్నాడు. (మళ్లీ మేడమ్‌నయ్యాను.) టీచరమ్మ దాన్ని వాళ్ల నాయనమ్మ ఫోటో పక్కన తగిలించానని రాసింది.

ఇప్పుడు నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ రోజు ఆవిడ తిట్టి ఉండొచ్చు, అమ్మీ బాధపడి ఉండొచ్చు. ఒకరు చూస్తానని అడిగారు, ఇంకొకరు నవ్వారు. ఆ ఇద్దరికీ నేను షుక్రియా చెప్పని రోజు లేదు. మొదటి పేజీ కాపీ ఇంకా నా దగ్గరుంది. అప్పుడప్పుడూ తీసి చదువుకుని నవ్వుకుంటాను, కాస్త జాలి కూడా వేస్తుంది. పాపం ఆ పిల్ల, ఒక్క మగ్గాన్ని దాచడానికి అంత పెద్ద కోట కట్టింది.