సూది తీసేసిన మిషను

మా వీధి మొదట్లో ఒక కుట్టుమిషను ఉంది. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా టకటకమంటూనే ఉంటుంది. దాని రొదకు ఇరుగుపొరుగు విసుక్కుంటారు. నాకు మాత్రం అది ఆగితేనే మనసు నిలవదు. దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పెట్టి, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవి ఒగ్గి కూర్చుంటాను. నిన్న చాలాసేపు ఆగింది. దారం తెగిందో, భోజనానికే లేచారో. అంతసేపూ నాకు అక్కలాంటి ఖైరున్నీసా ఆపా నా కళ్ళముందే ఉంది.

సారపాకలో మేము ఆపా ఇంట్లోనే ఒక గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. నా భర్త కాగితం మిల్లుకు వచ్చే వెదురు లారీలు దించేవాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా నా మెడలో పుస్తె పడింది. ఇరవై ఏళ్ళకు రెండేళ్ళ కూతురి తల్లిని. భర్త పోయిన ఆపా, ముందు వరండాలో మిషను వేసుకొని ఇద్దరు ఆడపిల్లలను సాకేది. నేను కాజాలు తీసి, గుండీలు కుట్టి సాయపడేదాన్ని. జాకెట్ల కొలతలకు ఆమె పాత వార్తాపత్రికలు కత్తిరించి పెట్టుకునేది. ఒకరోజు చెయ్యి కొలతకు కత్తిరించిన కాగితం మీది వార్త చదువుతూ నిలబడిపోయాను. సరిగ్గా చంక దగ్గర వార్త తెగిపోయింది. మూటంతా తిరగేస్తుంటే ఆపా చూసింది.

"ఏం దేవులాడుతున్నవే సుగుణా?"

"దీని మిగతా ముక్క, ఆపా."

ఆమె కత్తెర కింద పెట్టింది. "గింత పానం గుంజుతుంటే మళ్ల ఎందుకు చదువుతలేవు?"

పిల్లతల్లికి చదువేమిటని నవ్వాను. ఆమె నవ్వలేదు. "పిల్లను కంటే కండ్లు పోతయా?" అంది.

ఆ సాయంత్రమే నా భర్తను నిలబెట్టి మాట్లాడింది. అతను చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. ప్రైవేటుగా పదో తరగతి కట్టడానికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఒక్కసారి రాయి. తప్పితే మళ్ల నన్ను అడగొద్దు." ఆ మాట ఆ ఏడాదంతా నా నెత్తిమీద కూర్చుంది.

ఆపాకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. అయినా నాకు ఆమెను మించిన మాస్టారు దొరకలేదు. ఆమె కుడుతూ ఉండేది, నేను పాఠం చెప్పాలి. బట్టీ పట్టి అప్పజెబితే ఒప్పుకునేది కాదు. "నాకు సమజైతలేదు. విప్పు. మళ్ల చెప్పు" అనేది. ఆ వరండాలో పద్ధతే అది. ఎవరు తప్పు కుడితే వాళ్ళే విప్పాలి, ఆమె చెయ్యి వెయ్యదు. ఒక లెక్క నాలుగుసార్లు విప్పించేసరికి ఒళ్ళు మండి పుస్తకం విసిరికొట్టాను.

"కోపం నా మీదనా, లెక్క మీదనా?"

"మీ మీదనే!"

"అయితే ఫికర్ లేదు. లెక్కతోని దోస్తీ ఉన్నట్టే" అని పుస్తకం దులిపి నా ఒళ్ళో పెట్టింది.

పరీక్షలు రంజాన్ నెలలో వచ్చాయి. అన్నీ రాశాను, లెక్కలు మిగిలాయి. దానికి మూడు రోజుల ముందు పాపకు ఒళ్ళంతా పొక్కులు పోశాయి. దవాఖానాలో నర్సమ్మ చూసి, భయం లేదు, వారంలో తగ్గుతుందంది. కబురు విని తల్లాడ దగ్గరి ఊరి నుంచి మా అత్తమ్మ వచ్చింది. వస్తూనే వీధి తలుపుకు వేపమండలు కట్టింది. అమ్మవారు పోసిన ఇంట్లో తాళింపు వెయ్యకూడదు, తల దువ్వకూడదు, సూది ముట్టకూడదు. కన్నతల్లి ఏరు దాటకూడదు. నా పరీక్షేమో గోదావరి అవతల, భద్రాచలంలో. "బిడ్డ కన్న ఎక్కువనా నీ పరీచ్చ?" అని అత్తమ్మ అడిగింది. నిజంగానే ఏది ఎక్కువో నాకు తెలియలేదు. వెళితే పాపకు ఏమన్నా అవుతుందేమోనని భయం. ఆగిపోతే ఇక ఈ జన్మకింతేనని ఏడుపు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం అత్తమ్మ ఎందుకో వరండాలోకి వెళ్ళింది. అక్కడ జరిగింది నాకు ఆమె తర్వాత చెప్పింది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఎత్తి చూస్తే సూది ఊడదీసి ఉంది. పండుగ బట్టల మూటలు గోడవారగా అట్లాగే ఉన్నాయి.

"పండుగ ముందల పని ఎందుకు బంద్ పెట్టినవు బిడ్డా?"

"అమ్మవారు ఉన్నింట్ల సూది ముట్టొద్దంటరు గద పెద్దమ్మా. మీరు వచ్చిన నాడే తీసేసిన."

అత్తమ్మ ఆ మూటల దగ్గర కూర్చొని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తెల్లారి నేను పాప పక్కన ఉంటే వచ్చి, "లే, పో. మేమిద్దరం ఉంటం. వచ్చినంక కాళ్లు కడుక్కొని లోపలికి రా" అంది. నేను వంతెన దాటి వెళ్ళి లెక్కలు రాసి వచ్చేసరికి, రోజా ఉపవాసంలో ఉన్న ఆపా ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఆమె వేపమండతో మెల్లగా విసురుతోంది. అత్తమ్మ పక్కనే కునుకు తీస్తోంది.

పాప కోలుకుంది. నేను పాసయ్యాను. ఆ తర్వాత టీచరునూ అయ్యాను. కానీ ఆ ఈద్ పొద్దున నేను చూసింది ఇప్పటికీ నన్ను వదలదు. గిరాకీలు బట్టలు పట్టుకుపోయి వేరే దర్జీకి ఇచ్చేశారు. ఆపా పిల్లలిద్దరూ నిరుటి బట్టలే ఉతికి వేసుకున్నారు. అప్పటిదాకా నాకా సంగతి తట్టనేలేదు, నా లెక్కల్లో నేనున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కింటి అరుగు మీద మిషను వేసుకొని కుట్టుకోవాల్సిందని ఏడ్చాను. ఆపా నా నోట్లో సేమియా పెట్టి, "ఇద్దరం వచ్చేది పొయ్యేది ఒక్క తలుపుల నుంచే గదనే. దానికి కట్టిన వేపాకు నీ ఒక్కదానిదేనా?" అంది.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో పరీక్షలు కట్టిన ఆడవాళ్ళకు పాఠాలు చెబుతాను. చంకన పిల్లతో ఎవరైనా గుమ్మంలో తటపటాయిస్తే, చేతిలో పని కింద పెట్టి ముందు పిల్లను అందుకుంటాను.