నునుపు బండలు

కడప బండలకు నునుపు పట్టించడం నా పని. ఇల్లు కట్టుకున్నప్పుడు హాలు నేలకు మొహం కనబడేంత పాలిష్ పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళు కిందికి చూసి నోరు తెరిచేవాళ్ళు. నాకదొక పొగరు.

ఆ నేల మీదే మా గ్రేట్ డేన్ కుక్క పడిపోయింది. నా నడుమెత్తు ఉండేది. వీధిలోకి తీసుకుపోతే, "ఎనుము దూడను సాకుతాండావేమప్పా?" అని నవ్వేవాళ్ళు. కోడిపిల్ల ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే రకం అది. ఎండకు బయట అల్లాడిపోతోందని నేనే లోపల చల్లటి బండల మీద పడుకోబెట్టాను. నా తెలివి తగలెయ్య! లేవబోయిన ప్రతిసారీ వెనక కాళ్ళు జారి చెరోపక్కకూ పోయేవి. అలా జారి జారి తుంటి కీళ్ళు పాడయ్యాయి. ఒకరోజు పొద్దున అసలు లేవలేకపోయింది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "ఇంత బరువు పండుకునే ఉంటే పుండ్లయి పురుగు పడతాదప్పా. మూడు దినాల్లో తనంతకు తాను లేయకుంటే సూదేసి పంపిచ్చేదే మేలు," అన్నాడు.

గోనెసంచులు పరిచాను. వాటి మీద ఉక్కపోసి, ఈడ్చుకుంటూ మళ్ళీ బండ మీదికే పోయేది. పొట్ట కింద తువ్వాలు వేసి నేనూ నా భార్యా ఎత్తేవాళ్ళం. వదిలితే కూలబడేది. ఉచ్చ అక్కడే పోసుకుని, సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకునేది. అది నేను భరించలేకపోయాను.

మూడో రోజు పొద్దున్నే ఉలి, సుత్తి తీసుకుని, రోలుకు పెట్టినట్టు నా నేలకు గంట్లు పెట్టడం మొదలుపెట్టాను.

"ఏమయ్యా, మతి పోయిందా? ఏం చేస్తాండావు?" అంటూ నా భార్య పరిగెత్తుకొచ్చింది. కుక్కను చూసింది. చీపురు తెచ్చి రాతిపొడి ఊడ్చింది.

మధ్యాహ్నానికి అది పడుకున్న చోటి నుంచి వాకిలి దాకా నేల గరుకైంది. నా చేతులు బొబ్బలెక్కాయి. "లేయమ్మా, ఒక్కసారి లేయి," అని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. తల ఎత్తింది గానీ లేవలేదు.

సాయంత్రం గేటు చప్పుడైంది. ఇంటికి ఎవరొచ్చినా ఎదురుపోయి వాళ్ళ పొట్టకు తల ఆనించడం దానికి అలవాటు. గోళ్ళకు గంట్లలో పట్టు దొరికింది. వణుకుతూ వెనక కాళ్ళు లేచాయి. నాలుగడుగులు వేసి, సూది తెచ్చిన మనిషి పొట్టకు తల ఆనించింది.

"లేసినాది సార్! చూసినారా, లేసినాది!" అని అరిచాను.

"చూసినానప్పా," అన్నాడు డాక్టరు, దాని తలను రెండు చేతులతో పట్టుకుని. అప్పటికే వెనక కాళ్ళు కుంగుతున్నాయి. ఈసారి జారలేదు, సత్తువ లేక కుంగాయి.

బ్యాగు తెరవమని నేనే చెప్పాను.