మామకు శాలువా కప్పిన రోజు

తెలంగాణ వచ్చిన ఏడాది నాచారంలో మా కాలనీ సంఘం వాళ్ళకు ఒక మంచి బుద్ధి పుట్టింది. ఆవిర్భావ సంబురాల్లో, జీవితమంతా కాలనీకి సేవ చేసిన పెద్దలకు శాలువాలు కప్పాలనుకున్నారు. మంచినీళ్ళ పైపు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్న ఒకాయన, తన వరండాలోనే పిల్లలకు ఉచితంగా చదువు చెప్పిన ఒకామె, ఇంకొందరు. నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను కాబట్టి అందరి పరిచయాలూ రాసే పని నా నెత్తిన పడింది. తెలుగు టీచరంటే పెళ్ళి పత్రికలకూ సన్మాన పత్రాలకూ ఊరికే దొరికే మనిషి అని లోకం అభిప్రాయం.

రాస్తాను గానీ మామ పేరు కూడా ఉండాలన్నాను.

మామ అంటే నాకు చుట్టం కాదు. కాలనీ మొత్తానికీ ఆయన మామే. మా దగ్గర ఎవరైనా చనిపోతే ముందుగా కబురు వెళ్ళేది ఆయనకే. ఇక్కడ ఉన్నవాళ్ళందరూ ఫ్యాక్టరీల కోసం వచ్చినవాళ్ళం. మేము నల్గొండ జిల్లా నుంచి, పక్కింటివాళ్ళు గోదావరి వైపు నుంచి. అయినవాళ్ళందరూ దూరం. ఇంట్లో మనిషి పోతే వెదురు ఎక్కడ దొరుకుతుందో, కాటికాపరితో ఎవరు మాట్లాడాలో తెలియక చేతులు కాళ్ళు ఆడేవి కావు. దానికి తోడు కిరాయి ఇల్లు. శవాన్ని గేటు లోపలికి తేవద్దని ఓనర్లు తలుపులు వేసుకునేవారు. మామ ఫ్యాక్టరీలో షిఫ్టు వదిలేసి వచ్చేవాడు. ఓనరును పక్కకు పిలిచి, గొంతు పెంచకుండా ఏదో చెప్పేవాడు. గేటు తెరుచుకునేది. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ళు ఏడవడం తప్ప ఇంకేమీ చేయనక్కరలేదు.

మా అమ్మ పోయినప్పుడూ అంతే. నేను ఒక్కతే కూతురిని. మా వాళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. గల్లీ చివర నన్ను ఇద్దరు పట్టుకుని ఆపేశారు. పాడె మలుపు తిరిగింది. అమ్మ గురించి నాకు తెలిసింది ఆ మలుపు వరకే. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పలేదు. నాన్నను అడిగితే భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. ఇక అడగడానికి మిగిలింది మామ ఒక్కడే.

కానీ మామ దొరికేవాడు కాదు. తను మోసిన ఇంటి గడప మళ్ళీ తొక్కేవాడు కాదు. దారిలో ఎదురైతే దూరం నుంచే చూసి పక్క గల్లీలోకి మళ్ళేవాడు. మంచి చీర కట్టుకుని ఎక్కడికైనా బయలుదేరామా, ఇక గోడ వైపు తిరిగి నిలబడేవాడు. పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు ఆయనను రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. కూరగాయల బండి దగ్గర ఆయన వీపు కనిపించినప్పుడల్లా నా గొంతు దాకా వచ్చేది, అమ్మ ఎలా వెళ్ళింది మామా అని. అడిగేలోపే ఆయన వెళ్ళిపోయేవాడు. నేను కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఎన్ని ఏళ్ళయినా ఆ కోరిక చల్లారలేదు, పైగా పెరిగింది.

అందుకే మీటింగులో పట్టుబట్టాను. మా ప్రెసిడెంటు గారిది గుంటూరు వైపు. మెత్తని మనిషి. "అమ్మా, నాకేం అభ్యంతరం లేదు. కానీ శుభమా అని పండగ చేసుకుంటూ..." అని నసిగారు.

"మన ఇండ్లల్ల అశుభమైనప్పుడు ఆయన మంచిరోజు సూసుకొని వచ్చిండా సార్?" అన్నాను. నా నోటి సంగతి కాలనీలో అందరికీ తెలుసు.

ఆయన తల దించుకున్నారు. వాళ్ళ అమ్మగారిని కూడా మోసింది మామే. "సరే, రాయండి" అన్నారు.

మల్లాపూర్ వైపు వెళ్ళే సందులో మామ ఇల్లు. ఒక్కడే ఉంటాడు. నేను వెళ్ళేసరికి కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూడగానే చెంబు కింద పెట్టి, "ఎవరికేమైంది బిడ్డా?" అంటూ గోడ మేకుకున్న చొక్కా అందుకున్నాడు.

"ఎవ్వరికేం కాలే మామా. నీకు సన్మానం జేస్తరట."

చొక్కా చేతిలో పట్టుకుని చాలాసేపు నన్నే చూశాడు. ఆయన ఇంటికి ఏమీ కాకుండా కూడా మనుషులు వస్తారన్నది ఆయనకు నమ్మబుద్ధి కాలేదు.

"వద్దు బిడ్డా. నన్ను సూస్తే ఒక్కొక్కలకు ఒక్కొక్కలు యాదికొస్తరు. పండుగ పూట అందర్ని ఏడిపిచ్చుడెందుకు?"

ఎంత బతిమాలినా వినలేదు. నా సొంత ప్రశ్న నాలుక చివరే ఉంది, ఆయన ముఖం చూసి అడగలేకపోయాను. చివరికి, వచ్చినా రాకున్నా ఫోటో అయినా ఇవ్వమంటే ఫ్యాక్టరీలో చేరినప్పటి నలుపు తెలుపు ఫోటో ఒకటి వెతికి ఇచ్చాడు. మనిషి దగ్గర వేరే ఫోటోనే లేదు. పెళ్ళిళ్ళకు పోని మనిషికి ఫోటోలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఆ ఫోటోతోనే పీకల మీదికి వచ్చింది. సన్మానం అందుకునే ప్రతి ఒక్కరికీ ఒక ఫ్లెక్సీ కట్టించాలని సంఘం వాళ్ళు ఉప్పల్‌లో ప్రింటింగుకు ఇచ్చారు. ఆ షాపతనికి ఏం తోచిందో, నలుపు తెలుపు ఫోటో చూసి చుట్టూ పూలదండ వేసి, అటొక దీపం ఇటొక దీపం వెలిగించాడు. కింద, మన కాలనీకి జీవితమంతా సేవ చేసిన మహనీయుడు అని పెద్ద అక్షరాలు. సన్మానం అన్న ముక్క అన్నిటికంటే కింద, ఒక మూలన సన్నగా ఉంది. కట్టినవాళ్ళు ఆ మూలను కాస్తా కరెంటు స్తంభానికి చుట్టేశారు.

ఆదివారం పొద్దున పాల కోసం బయటికి వచ్చి చూశాను. అచ్చం శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. ఆ ఫోటో తెచ్చిచ్చింది నేనేనన్న సంగతి కూడా బుర్రకు తట్టలేదు. మామ పోయాడు, అమ్మ ముచ్చట కూడా ఆయనతోనే పోయింది అనుకున్నాను. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఆయన ఇంటికి పరుగెత్తాను.

నేను వెళ్ళేసరికే సందు నిండిపోయింది. ఇల్లు మారి చెంగిచెర్లకు వెళ్ళిపోయినవాళ్ళు, నాగోల్‌లో ఉంటున్నవాళ్ళు, ఫోన్ల మీద ఫోన్లు చేసుకుని ఆటోల్లో దిగుతున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎవరో వెదురు కోసం మనిషిని కూడా పంపేశారు. ప్రెసిడెంటు గారు ఇంత పెద్ద బంతిపూల దండతో నిలబడి, "ఇప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తారండీ? ఎప్పుడూ ఆయనే చూసేవారు కదా" అంటున్నారు.

అప్పుడు సందు అవతలి నుంచి పాల ప్యాకెట్టు పట్టుకుని మామ వచ్చాడు.

తన ఇంటి ముందు జనాన్ని చూసి గబగబా అడుగులు వేశాడు. "ఏంది, ఎవరు వోయిన్రు?" అన్నాడు. ఆయన ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి దండ దగ్గర ఆగిపోయాడు. ప్రెసిడెంటు గారు దాన్ని వెనక్కి దాచుకోబోయారు. అంత దండ ఎక్కడ దాగుతుంది!

మామకు అర్థమైంది. ముందు నవ్వాడు. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు గింతమంది వస్తరా?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు కాదు, తనలో తనే అనుకున్నట్టు.

"దాపెట్టుడెందుకు సార్, తెచ్చిన్రు గద. ఇగ ఎయ్యుండ్రి" అని మెడ వంచాడు. దండ పడగానే అప్పటిదాకా ఏడ్చినవాళ్ళు నవ్వారు, కొందరు అప్పుడే ఏడవడం మొదలుపెట్టారు. ఆ రోజు మామను తిట్టినవాళ్ళు కూడా ఉన్నారు, ఇంతసేపు ఎక్కడికి పోయినవని. షాపతన్నయితే నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆవిర్భావ దినం రోజు మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టేజీ మీద చివరి కుర్చీలో అంచున కూర్చున్నాడు. ఆయన గురించి నేను చాలా రాసుకున్నాను. మైకు ముందు నిలబడితే ఒక్క ముక్క కూడా చదవలేకపోయాను. "మన అందరి ఇండ్లకు వచ్చిన మామ" అని మాత్రం అన్నాను. ఎవరూ చెప్పకుండానే జనం లేచి నిలబడ్డారు. శాలువా కప్పించుకుని ఆయన దండం పెట్టిన చేతులు చాలాసేపు దించలేదు.

తర్వాత భోజనాలు. మామ నలుగురి మధ్య కూర్చుని పులిహోర మారు అడిగి వేయించుకుంటుంటే నా కడుపు నిండిపోయింది. అయినా నాది నాకు ఉంది కదా. ఆయన చేయి కడుక్కుని నీళ్ళ డ్రమ్ము పక్కన నీడలోకి రాగానే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఈసారి ఆయన పక్కకు తప్పుకోలేదు.

"మామా, ఆనాడు గల్లీ మలుపు తిరిగినంక అమ్మ..." అన్నాను.

"అడుగుతవని నాకెరికే బిడ్డా. గందుకే నీకు ఎదురు వడకుండ తిరిగిన. ఏడుస్తవని." శాలువా భుజం మీద సర్దుకున్నాడు. "సగం తొవ్వల పాడె దించినం. దింపుడు కల్లం కాడ."

ఆ పద్ధతి గురించి విన్నాను. శ్మశానానికి వెళ్ళే దారిలో పాడె ఒకసారి దించి, పోయినవాళ్ళ చెవి దగ్గర అయినవాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతారేమోనని చివరి ఆశ.

"మీ నాయిన వంగిండు గని గొంతు రాలే. నాతోని గాదన్నడు. పిలువకుండ ఎట్ల లేపుతం? నేనే వంగిన. నీ పేరు జెప్పిన. 'అమ్మా, నీ బిడ్డ పిలుస్తుంది, అమ్మా' అన్న. మూడుసార్లు నీ పేరు మీదనే పిలిచిన."

ఇన్నేళ్ళ వయసు వచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, చిన్నపిల్లలా అడిగాను. "పలికిందా మామా?"

మామ శాలువా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

"లేదు బిడ్డా. అయినా జరసేపు ఆగినం. అందరికి ఆగేదానికన్న ఎక్కువనే ఆగినం."