ఇద్దరు నాంచారయ్యలు

ఒక మనిషి పేరు నా దగ్గర ఉండిపోయింది. అడిగి తీసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు. నలభై ఏళ్ళు దాటింది. అన్నం తింటున్నప్పుడు, ఎవరో ఎవరినో వీధిలో కేకేసి పిలిచినప్పుడు, అది గొంతులో అడ్డం పడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే వాళ్ళ ముఖం చూస్తూ, దాన్ని బట్టి మాట మార్చేస్తాను. మాట మార్చడంలో నాకెంత నేర్పు ఉందో మీకే తెలుస్తుంది. నా పేరు మాత్రం అడగకండి. పరాయివాడి పేరు పంచిపెట్టినవాడు తన పేరు దాచుకుంటాడేమని నవ్వుతారా? నవ్వండి. నాకూ నవ్వొస్తుంది.

యాభైల చివర, అరవైల మొదట్లో మాట. నూజివీడులో ఒక మామిడి షావుకారు దగ్గర నేను గుమాస్తాని. ఆ రోజుల్లో తోటలను పూత మీదే మాట్లాడుకునేవారు. చెట్టు నిండా పూత ఉండగానే బేరం కుదరాలి. తర్వాత గాలి వచ్చినా, మంచు పట్టినా షావుకారు తలరాత. ఆ పూత రోజుల్లోనే మా వైపు చెడుగుడు పోటీలు జరిగేవి. ఒక్కో షావుకారుకు ఒక్కో జట్టు, కొన్ని ఊళ్ళకు సొంత జట్లు. ఎవరి కొట్లో షీల్డు ఉంటే రైతు ముందుగా ఆ కొట్టు మెట్లే ఎక్కుతాడని ఒక నమ్మకం. అందులో నిజమెంతో నాకు తెలియదు గానీ మా షావుకారు గట్టిగా నమ్మాడు. మా జట్టుకు కెప్టెన్ని నేను. ఆ ముక్క రాస్తుంటే ఇప్పటికీ ఛాతీ కాస్త పొంగుతోంది. సిగ్గుండాలి నాకు.

నాంచారయ్య ముసునూరు మనిషి. మా తోటల్లో కాయ కోసేవాడు. పందొమ్మిదేళ్ళుంటాయేమో. చిక్కం కట్టిన గడ పట్టుకుని కొమ్మ మీద నిలబడి, కాయకు దెబ్బ తగలకుండా తొడిమతో సహా దించేవాడు. కోతలు లేని రోజుల్లో తోటలకు కాపలా ఉండేవాడు. సాయంత్రం మేము ఆడుకుంటుంటే వచ్చి గట్టు మీద కూర్చుని చూసేవాడు. ఒకరోజు ఒక మనిషి తక్కువయ్యాడు. రమ్మని నేనే పిలిచాను.

అవతలి పక్షాన కూతకు వచ్చాడు. మొదటిసారి నా భుజం తాకి వెళ్ళిపోయాడు. ఎలా తాకాడో చూడనేలేదు. రెండోసారి నడుం పట్టుకున్నాను. పట్టులో నాకు పేరుంది, నా పట్టు విడిపించుకున్నవాడు మా తాలూకాలో లేడు. అతని కూత ఆగలేదు. ఊపిరి తెగలేదు. నన్ను ఈడ్చుకుంటూనే వెళ్ళి గీత ముట్టాడు. మూడోసారి మీద పడబోయి మట్టిలో బోర్లా పడ్డాను. "గుమాస్తాగారికి వయసొచ్చిందిరోయ్!" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు. అప్పటికి నాకు ముప్పై మూడు. నాంచారయ్య నవ్వలేదు, లేవడానికి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి అందించకుండా అందరితో పాటు నవ్వి ఉంటే అతన్ని నేను వదిలేసేవాణ్ణేమో.

ఆ ఏడాదే చింతలపూడి వైపు షావుకారొకడు డెల్టా నుంచి కిరాయి ఆటగాళ్ళను దింపాడని తెలిసింది. మా షావుకారుకు నిద్ర పట్టలేదు. నన్ను పిలిచి, మనమూ పైవాళ్ళను తేవాలా, మన తోటల్లో ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కడూ పనికిరాడా అని అడిగాడు. అడిగాడండీ. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తర్వాత నేను ఊరందరితో, మా షావుకారుకు పైవాళ్ళ మోజు, పొరుగింటి పుల్లకూర రుచి ఆయనకు, అని చెప్పుకు తిరిగాను. ఆయన అడిగాడు. నేను ఒక్కడూ లేడన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదండీ అని సామెత కూడా జోడించాను. ఆయన నవ్వాడు. కాయ మాత్రం మన చిన్నరసమే లోకంలోకెల్లా గొప్పదని ఢిల్లీ వాళ్ళకు ఉత్తరాలు రాసేవాణ్ణి నేను. మనిషి దగ్గరికొచ్చేసరికి మన నేల చేదైపోయింది.

ఎందుకలా అన్నాను? దీన్ని చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. షావుకారు మీద భక్తి అనుకున్నాను కొన్నాళ్ళు. జట్టు మేలు అనుకున్నాను ఇంకొన్నాళ్ళు. అవేవీ కావు. కిరాయివాడు పూత రాలగానే మూట కట్టుకుని పోతాడు. ఊళ్ళోవాడు పోడు. ఏడాదంతా కళ్ళెదుటే ఉంటాడు, ఏటేటా బలుస్తాడు, ఒకనాటికి కెప్టెన్ అవుతాడు. అంతే. మట్టిలో పడ్డ నా ముఖం తప్ప అందులో ఇంకే విషయమూ లేదు.

నరసాపురం వైపు నుంచి శేషగిరి అనే ఆటగాణ్ణి తెచ్చాం. కొట్టు మీద గది ఇచ్చాం. పాలు, గుడ్లు, ఆదివారం మాంసం. మంచివాడే. ఆడటం అతనికి బతుకుతెరువు, అతన్ని అనడానికి నాకు నోరు లేదు. కానీ పోటీకి ఒక నిబంధన ఉంది. తాలూకాలో ఉండేవాళ్ళే ఆడాలి. దానికి అందరూ చేసే పనే మేమూ చేశాం. పైవాణ్ణి ఊళ్ళోవాడి పేరుతో జాబితాలో ఎక్కించడం. అది తప్పని ఎవరికీ తోచేది కాదు, దొరికితేనే తప్పు.

ఎవరి పేరైనా పెట్టవచ్చు. ఊరు విడిచిపోయినవాళ్ళున్నారు, ఆట మానేసినవాళ్ళున్నారు. నేను నాంచారయ్య పేరు ఎంచుకున్నాను. అతని పేరు మా జాబితాలో ఉంటే అతను ఇంకే జట్టుకూ ఆడలేడు. ఈ లెక్క నాకు ఆనాడే తెలుసు. తెలియక చేశానని అనుకోకండి. ఈ ఏడాది పేరు ఇవ్వవోయ్, వచ్చే ఏడాది నువ్వే ఆడుదువుగాని అన్నాను. మురిసిపోయాడు. తండ్రి పేరు కోటయ్య అని, ఊరు ముసునూరు అని, తప్పు పోకుండా రెండుసార్లు చెప్పి రాయించాడు.

ఆ ఏడు షీల్డు మాదే. శేషగిరి కూతకు వెళ్ళినప్పుడల్లా జనం "నాంచారయ్యా! నాంచారయ్యా!" అని అరిచారు. అసలు నాంచారయ్య గీత పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. తన పేరు అంతమంది నోట వింటూ, తల వంచుకుని, తనలో తను నవ్వుకున్నాడు. నేను చూశాను. చూసి, నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది.

మరుసటి ఏడాది పూత సమయానికి అతని తండ్రి కొమ్మ విరిగి పడి మంచాన ఉన్నాడు. ఇల్లంతా అతని మీదే పడింది. రెడ్డిగూడెం పోటీలకు బెజవాడ మిల్లు మనిషి వస్తున్నాడని తెలిసింది. మిల్లుకు జట్టు ఉందట, మంచి ఆటగాడు కనిపిస్తే పని ఇస్తారట, ఏడాది పొడుగునా ఉండే పని. ఇదంతా నాకు చెప్పింది నాంచారయ్యే. చెప్పి, ఈసారి నేను ఆడతానుగా అని అడిగాడు. ఈ ఏడు కూడా శేషగిరే, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. సరేనండీ అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అనుకున్నాను.

రెడ్డిగూడెంలో మా మొదటి ఆట ముసునూరు జట్టుతో. అంపైరు ఒక పాత డ్రిల్లు మాస్టారు, నిరుడూ ఆయనే. నిక్కచ్చి మనిషి. రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి జాబితాలు చదివాడు. మా దాంట్లో "నాంచారయ్య, తండ్రి కోటయ్య, ముసునూరు" అనగానే శేషగిరి చెయ్యి ఎత్తాడు. తర్వాత వాళ్ళది చదివాడు. ఐదో పేరు దగ్గర ఆగి, ఇంకోసారి చూసుకుని చదివాడు. "నాంచారయ్య, తండ్రి కోటయ్య, ముసునూరు." ఎదుటి వరసలోంచి అతను ముందుకొచ్చాడు. తన ఊరి తరఫున, తన సొంత పేరుతో ఆడటానికి వచ్చాడు. అందులో మోసం ఏముంది? అతనికి ఏమీ కనిపించలేదు. పేరు నేను తీసుకున్నది నిరుటికే కదా అనుకున్నాడు.

జనం ఘొల్లున నవ్వారు. మిల్లు మనిషి కుర్చీలోంచి లేచి వచ్చాడు. ముసునూరు వాళ్ళు ఇతనే అసలువాడని గోల పెట్టారు. సొంత జట్టు సాక్ష్యం చెల్లదన్నాడు మాస్టారు. నా వైపు తిరిగాడు.

"మీరు చదువుకున్నవారు. ఇద్దరూ మీకు తెలిసే ఉంటారు. నాంచారయ్య ఎవరో మీరు చెప్పండి."

నేను శేషగిరి భుజం మీద చెయ్యి వేశాను. "ఇతనేనండీ. నిరుడు ఆడింది కూడా ఇతనే. మీరే చూశారు కదండీ."

"మరి ఆ అబ్బాయెవరు?"

"నాకు తెలియదండీ."

"అదేంటండీ గుమాస్తాగారూ," అన్నాడు అతను. "నేనండీ."

నేను అటు చూడలేదు.

"అయితే నా పేరేంటండీ?"

కోపంగా అనలేదు. అరవలేదు. నిజంగానే నా దగ్గర అతనికి ఇంకో పేరేదో ఉన్నట్టు, నేను చెబితే విని వెళ్ళిపోయేట్టు అడిగాడు. నేను మాస్టారుతో, "పొద్దు వాలిపోతోందండీ, ఆట సంగతి చూడండి" అన్నాను.

దొంగపేరు పెట్టారని ముసునూరు జట్టును ఆడకుండానే పంపేశారు. వాళ్ళు వెళుతూ నన్ను తిట్టారు, అంతకన్నా ఎక్కువగా అతన్ని తిట్టారు. మర్నాటి ఆటలు చూసి మిల్లు మనిషి శేషగిరిని తీసుకున్నాడు. నాంచారయ్య కూత ఒక్కటంటే ఒక్కటి కూడా అతని చెవిన పడలేదు. శేషగిరి బస్సెక్కేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, ఆ కుర్రాడికి ఏదైనా చెయ్యండి, పాపం తగులుతుంది అన్నాడు. కిరాయివాడికి ఉన్న ఇంగితం కెప్టెన్ గారికి లేకపోయింది. చేస్తాలే అన్నాను. అదీ అబద్ధమే.

ఏం మిగిలింది నాకు? ఆ పై ఏడు మంచుకు పూత మాడిపోయింది. షావుకారు జట్టు ఎత్తేశాడు. నేను పట్టుకు వేలాడిన కెప్టెన్సీ ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా నిలవలేదు. షీల్డు కొట్లో గోతాల వెనక చాలా కాలం పడి ఉంది, వెండి పూత ఊడి లోపలి రేకు కనబడుతూ.

నాంచారయ్య మళ్ళీ గీత దాటలేదు. ఎవరు పిలిచినా ఆడలేదు. సొంత ఊరివాళ్ళే దొంగ నాంచారయ్య అని ఎగతాళి చేశారు. నిజం తెలిసినవాళ్ళు కూడా అలాగే పిలిచారు, ఆట అతనివల్లే పోయిందని వాళ్ళ ఉక్రోషం. అయినా కోతలకు మా తోటలకే వచ్చేవాడు. ఇంకెక్కడికి పోతాడు? పొద్దున్నే కూలీల హాజరు నేనే పిలిచేవాణ్ణి. అందరూ పేరు వినగానే ఆఁ అనేవారు. నాంచారయ్య అని నేను పిలిస్తే అతను పలికేవాడు కాదు. చిక్కం గడ భుజాన వేసుకుని నా ఎదుటే నిలబడి, కళ్ళలోకి చూస్తూ ఉండేవాడు. పొగరు అనుకునేవారు మిగతావాళ్ళు. నాకు తెలుసు కదా అదేమిటో. ఆనాటి ప్రశ్నకు జవాబు రాలేదని. నేను కళ్ళు దించుకుని తర్వాతి పేరుకు పోయేవాణ్ణి. ఏళ్ళ తరబడి, ప్రతి కోతకూ ఇంతే. ఒక్క పొద్దున, ఒక్క మాట, నలుగురు కూలీల ముందు చెప్పి ఉంటే సరిపోయేది. మొదట షావుకారుకు భయపడ్డాను. షావుకారు పోయాక నా పరువుకు భయపడ్డాను. తర్వాత ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారని భయపడ్డాను. భయానికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి.

ఇప్పుడు అతను చింతలపూడిలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను. అక్కడికి నేరుగా బస్సుంది. రెండుసార్లు స్టాండుకు వెళ్ళి, బల్ల మీద కూర్చుని, టీ తాగి వచ్చేశాను. తిడతాడని కాదు. పోనీలెండి గుమాస్తాగారూ, ఎప్పటి మాటో అంటాడేమోనని నా భయం. ఆ మాట వినే అర్హత నాకు లేదు. అది వింటే ఇంటికొచ్చి సుఖంగా నిద్రపోతానేమోనని ఇంకా భయం. మూడోసారి వెళతానా? వెళ్ళననే అనుకుంటున్నాను. ఇంత రాసి కూడా మీకు అబద్ధం చెప్పలేను.

కానీ మాస్టారు అడిగినదానికి జవాబు మాత్రం ఈ కాగితం మీద పెడుతున్నాను. ఆ రోజు ముసునూరు వరసలో నిలబడి ఉన్నవాడే నాంచారయ్య. తండ్రి కోటయ్య. ఊరు ముసునూరు. అతన్ని నేను ఎరుగుదును.