అడుగులకు అరిసెలు

చోడవరం చుట్టుపక్కల బెల్లం వండేవాళ్ళకు కొదవ లేదు. కానీ పాకం ఎప్పుడు దించాలో పరదేశి చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. పందొమ్మిది వందల యాభైల్లో ఒక వేసవిలో, వడ్డాది సంత నుంచి వస్తుంటే బండి తిరగబడి అతని వెన్నుపూస చితికింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు.

పంపేముందు డాక్టరు అతని తల్లి దేముడమ్మను పిలిచి చెప్పాడు. "ఊరికే పడుకోబెట్టొద్దు. ముందు బోర్లా తిరిగి తలా ఛాతీ పైకెత్తాలి. అది కుదిరాక కూర్చోవాలి. తర్వాత పట్టుకుని నిలబడాలి, నడవాలి. రోజూ చేయించాలి."

"అంటే సంటిగుంటడి లాగేనా బాబూ?" అందామె.

డాక్టరు నవ్వి, అలాగే అనుకోమన్నాడు. అనకుండా ఉండాల్సింది.

పరదేశి మొదటిసారి పళ్ళు బిగబట్టి బోర్లా తిరిగి ఛాతీ ఎత్తిన రోజు దేముడమ్మ బొబ్బట్లు చేసి వీధంతా పంచింది. మీసాలొచ్చిన కొడుకు బోర్లాపడ్డాడని బొబ్బట్లు పంచిన తల్లిని ఆ వీధి అంతకుముందు చూడలేదు. పక్కింటి నూకరత్నం తింటూనే, "ఉయ్యాల్లో ఎప్పుడేస్తావు పిన్నీ?" అని అడిగింది. మంచం మీద పరదేశికి ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి ఎక్సర్‌సైజులు మానేశాడు.

దేముడమ్మ బతిమాలే రకం కాదు. "పెదబాబు గారు గానుగ కట్టేలోగా నువ్వు లెగకపోతే బెల్లం పెనం దగ్గిర ఇంకొకడుంటాడు. సిగ్గుపడతావో, లెగుస్తావో నీ ఇష్టం" అంది. పెదబాబు చెరుకు రైతు. ఏటా ఆయన బెల్లం వండేది పరదేశే. వేరే పనేదీ అతనికి రాదు.

మళ్ళీ మొదలెట్టాడు. నొప్పికి తల్లిని తిడుతూనే చేసేవాడు. సాయం లేకుండా కూర్చున్న రోజు కుడుములు వండింది. నూకరత్నం ఈసారి ఏమీ అనకుండా ఇంకో రెండు అడిగి పట్టుకెళ్ళింది. పెరట్లో నడుమెత్తున రెండు వెదుళ్ళు కట్టి, వాటి మధ్య నిలబడడం, మోకాళ్ళు వంచి లేవడం నేర్చాడు. వానలు వెనకబట్టేసరికి చేతులు వదిలేసి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు.

నడిచి తల్లికేసి చూశాడు. అంతవరకూ విసుక్కున్నవాడే ఆ రోజు అరిసెల కోసం ఎదురుచూశాడు. పొయ్యి మీద గంజి తప్ప ఇంకేమీ లేదు. మనసు చాలా కష్టపెట్టుకున్నాడు.

"నాను నడిసేను. నీకు కనపళ్ళేదేటమ్మా?" అన్నాడు చివరికి.

"కనపడింది. ఎవుడో వండిన బెల్లంతో నీకు అరిసెలొండను" అంది ఆమె, గంజి పోస్తూ.

పుష్యమాసంలో గానుగ ఆడింది. పరదేశి నడుముకు తువ్వాలు బిగించి వెళ్ళాడు. పెదబాబుకు నమ్మకం చాలక ఇంకో వంటవాణ్ణి కూడా పిలిపించి పక్కన కూర్చోబెట్టాడు. పెనం కింద మంట పెట్టింది మొదలు పరదేశి నిలబడే ఉన్నాడు. నడుం పీకుతుంటే గుంజ పట్టుకున్నాడు, కూర్చోలేదు. పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూసి, "దించండ్రా" అన్నాడు. రెండో వంటవాడు ఎవరూ చెప్పకుండానే లేచి ఇంటికెళ్ళిపోయాడు.

సాయంత్రం పరదేశి తువ్వాలులో కొత్త బెల్లం మూటగట్టుకుని నడిచే ఇంటికొచ్చాడు. అరిసెలకు బియ్యం ముందురోజే నానెయ్యాలి. పొయ్యి పక్కన చేట నిండా తడిపిండి జల్లించి ఉంది. అది చూసి పరదేశి గుమ్మంలోనే ఏడ్చేశాడు.